మిర్చిబండి దగ్గర బాపు ప్రార్థన

ఆరాధనక్కా,

అవ్వ కోసం సెలవు పెట్టి రావద్దు. ఫోన్లో చెబితే బాపు వింటాడు, అందుకే రాస్తున్నాను.

జ్వరం తగ్గి నెలైనా అవ్వ రెండు ముద్దలకు మించి తినడం లేదని, నిన్న బాపు మమ్మల్ని మంచిర్యాలకు, గోదావరి చూడటానికి తీసుకెళ్లాడు. స్టేషన్ ముందు మిర్చిబండి దగ్గర వేడివేడి మిర్చిబజ్జీల ప్లేటు అవ్వ చేతికిచ్చి, ఆమెకు ఆకలి ఇమ్మని కళ్లు మూసుకుని ప్రార్థన మొదలుపెట్టాడు. బాపు ప్రార్థన సంగతి నీకు తెలుసు కదా, పాస్టరే గడియారం చూసుకుంటాడు.

"అన్నా, మిర్చీలు సల్లారుతున్నయ్," అంది బండి ఆమె.

"ఆమేన్" అని బాపు కళ్లు తెరిచేసరికి ప్లేటులో ఉల్లిగడ్డ ముక్కలే ఉన్నాయి. "నువ్వే మెక్కినవా?" అని నన్ను గదమాయించాడు.

అవ్వ మూతి తుడుచుకుంది. "పిల్లనేమనకు. ఇంకో ప్లేటు చెప్తున్న, నువ్వు ప్రార్థన చేస్తనే ఉండు."

నీ చెల్లె