తడి మూటలు

నవంబరు 20

ఈ డైరీ మా ఆయన తెచ్చారు. పాత విద్యార్థుల సంఘం పంచగా మిగిలిందట. అట్ట మీద వాళ్ళ స్కూలు బొమ్మ ఉంది. నేను చదివింది ఐదో తరగతి, అదీ వేరే బడిలో. సరుకులు రాసుకోమని ఇచ్చారు. సరుకులు నాకు నోటికే గుర్తుంటాయి. వేరే ఏదైనా రాస్తాను.

నవంబరు 23

ముందుగదిలో కాలు పెట్టే చోటు లేదు. ఎటు చూసినా మూటలే. కలప డిపో వెనక లైను ఇళ్ళు కాలిపోయాయి కదా, వాళ్ళ కోసం సంఘం పాత బట్టలు పోగేస్తోంది. మంచి పనే. కానీ దాన్ని కూడా స్పోర్ట్స్ డే పోటీలో కలిపేశారు. పిల్లల పరుగులకి పాయింట్లు, పాత విద్యార్థులు తాడు లాగితే పాయింట్లు, ఏ హౌస్ జట్టు ఎక్కువ కిలోల బట్టలు తెస్తే దానికీ పాయింట్లు. అన్నీ కలిపి ఎక్కువ వచ్చిన హౌస్‌కి కప్పు.

మా ఆయన ఎర్ర హౌస్ కెప్టెన్. స్కూలు వదిలి పదిహేనేళ్ళయింది, ఇంకా కెప్టెనే. పెయింట్ల షాపులో యజమాని పిలిస్తే పలకడు గానీ కెప్టెన్ అంటే నిద్రలో కూడా లేచి నిలబడతాడని అత్తయ్య అంటుంది. నీలం హౌస్ కెప్టెన్‌కి లారీలున్నాయి. అందరూ లారీలాయన అంటారు. ఆ పేరెత్తితే ఈయనకి అన్నం సయించదు.

మూటలు విప్పి చూశాను. ఒకరు చిరిగిన లోదుస్తులు ఇచ్చారు. ఒకరు పసిబిడ్డ పక్కగుడ్డలు ఉతక్కుండానే చుట్టి పంపారు. ఒక ప్యాంటు జేబులో సగం కొరికిన బిస్కెట్టు, దాని నిండా చీమలు. ఇల్లు కాలినవాళ్ళకి ముక్కు కూడా కాలిపోయిందనుకున్నారేమో.

నవంబరు 24

పనికొచ్చేవి ఏరి ఉతుకుతానన్నాను. వద్దన్నారు. ఉతికితే బరువు తగ్గుతుందట. మట్టి కూడా బరువేనట.

నవంబరు 27, సాయంత్రం

రేపు తూకం. ఎర్ర హౌస్ వాళ్ళు నలుగురు వచ్చారు. అందరూ పిల్లలున్నవాళ్ళే. ఎర్ర టీషర్టులు పొట్టల మీద పైకి లేచిపోయి బొడ్లు కనిపిస్తున్నాయి. టీలిచ్చి వంటింట్లోకి వచ్చేశాను. పరాయివాళ్ళ ముందు నాకు నోరు పెగలదు.

పెరట్లో నీళ్ళ చప్పుడైతే తొంగి చూశాను. పైపు పెట్టి మూటలు తడుపుతున్నారు. నీలం వాళ్ళు మూటల్లో ఇటుకలు దాస్తున్నారని వీళ్ళకి తెలిసిందట. ఇటుక పెడితే మోసమట. నీళ్ళు ఆరిపోతాయి కాబట్టి మోసం కాదట. ఈ తీర్పు చెప్పినాయన ప్లీడరు. అందరూ ఇకఇకలు, పకపకలు, ఒకరి మీద ఒకరు నీళ్ళు చిమ్ముకోవడం. పైపు పట్టుకున్నది మా ఆయనే.

నవంబరు 28

బట్టల్లో ఎర్ర హౌసే ఫస్టు. ఆయన్ని భుజాల మీద ఎత్తుకున్నారట.

తలుపు వెనక నాన్న కోటు లేదు.

అదే రోజు, సాయంత్రం

నాన్న మిల్లు గేటు దగ్గర రాత్రి కాపలా. ఆ కోటు మందపాటి ఉన్నిది, ఇత్తడి బొత్తాలు. ఒక బొత్తాం ఊడితే చిన్నప్పుడు నేనే తెల్లదారంతో కుట్టాను. నాన్న పోయాక నాకు మిగిలింది అదొక్కటే. చలి ఎక్కువైతే కప్పుకుంటాను. కాలర్ దగ్గర ఇంకా పొగాకు వాసన వస్తుంది.

ఆయన్ని అడిగాను. చివర్లో కాస్త తక్కువవుతుందేమోనని వేశారట. తడిస్తే అదొక్కటే ఒక మూటంత తూగిందని మెచ్చుకున్నారు. పుణ్యమేగా అన్నారు. కోటు మా నాన్నది, పుణ్యం ఈయనది.

అడిగుంటే ఇచ్చేదాన్నేమో. పోన్లే, ఇల్లు కాలిన ముసలాయన ఎవరైనా వెచ్చగా పడుకుంటాడు అనుకున్నాను.

డిసెంబరు 1

బట్టలు పంచారా అని అడిగాను. స్పోర్ట్స్ డే అవ్వనీ అన్నారు. మూటలు స్కూల్లో ఆటసామాన్ల గదిలో ఉన్నాయట. తడివి తడిగానే.

డిసెంబరు 4

మళ్ళీ అడిగాను. నీకెందుకంత తొందర, నీ ఇల్లేమైనా కాలిందా అన్నారు. అత్తయ్య నవ్వింది. నా మొహం చూసి ఆపేసింది.

డిసెంబరు 9

స్పోర్ట్స్ డే. కెప్టెన్ భార్య ఎర్ర బట్టలు వేసుకోవాలని పట్టుబట్టి తీసుకెళ్ళారు. తాడు దగ్గర ఆయనా లారీలాయనా పిల్లలందరూ వింటుండగా ఒకరినొకరు తల్లుల దాకా తిట్టుకున్నారు. మైకులో మాత్రం క్రీడాస్ఫూర్తి అని చెబుతూనే ఉన్నారు.

తర్వాత హైజంపు. కొత్త పరుపు రాలేదట, కింద ఏదో కుప్ప పోసి టార్పాలిన్ కప్పారు. పిల్ల దూకి పడినప్పుడల్లా దాని కింద నుంచి నల్లటి నీళ్ళు చిమ్ముతున్నాయి. ఒక పాప నేను దూకనని ముక్కు మూసుకుని ఏడ్చింది. డ్రిల్లు మాస్టారు కసిరాడు. గాలి నా వైపు తిరిగింది. ఆ వాసన నాకు తెలుసు. నా ముందుగదిలో వారం రోజులు పీల్చిన వాసనే, ఇప్పుడు కుళ్ళింది.

ఎలా నడిచానో తెలియదు. గ్రౌండు మధ్యలోకి వెళ్ళి టార్పాలిన్ ఎత్తాను. అవతల నుంచి ఆయన చేతులు ఊపుతున్నారు. మూటలన్నీ అవే. చిన్నపిల్లల స్వెటర్లు ముద్దలైపోయాయి. చెయ్యి పెడితే జిగురు. తెల్లదారం బొత్తాం దొరికేదాకా కెలికాను. కోటు మీద బూజు వెంట్రుకల్లా లేచి ఉంది. అలాగే చంకలో పెట్టుకుని ఇంటికొచ్చేశాను.

వెనక నుంచి డ్రిల్లు మాస్టారు ఎవరితోనో చెబుతున్నాడు. కుళ్ళిన బట్టలు ఎవరికిస్తాం, పారేసే బదులు పిల్లలకి పనికొచ్చాయి అని.

కప్పు ఎర్ర హౌస్‌కే వచ్చింది.

డిసెంబరు 11

సోడా వేసి ఉడికించాను. రెండు రోజులు ఎండలో వేశాను. పొగాకు వాసన పోయింది. కుళ్ళు వాసన ఉంది.

ఆయన కప్పు తుడుచుకుంటున్నారు. మంచి గుడ్డతో.

డిసెంబరు 12

నలుగురిలో పరువు తీశావని ఇంకా సణుగుతున్నారు. ఆ దరిద్రాన్ని అవతల పారెయ్యమన్నారు. రేపు సంఘం విందట. ఏర్పాట్లు చూడాలి, నేను ముందు పోతాను, నువ్వు తర్వాత రా, పద్ధతిగా రా అన్నారు.

డిసెంబరు 13

చలిగా ఉంది. నాన్న కోటు వేసుకుని వెళ్ళాను.

సంఘం ప్రెసిడెంటు పళ్ళ డాక్టరు. మనమిచ్చిన బట్టలతో ఎన్నో కుటుంబాలు ఈ చలికాలం వెచ్చగా ఉన్నాయన్నారు. చప్పట్లు. తర్వాత మా బల్ల దగ్గరికొచ్చి, రుమాలు ముక్కుకి అడ్డం పెట్టుకుని, ఏంటమ్మా ఈ వాసన అని అడిగారు.

"మనమిచ్చిన బట్టలేనండి," అన్నాను.

బల్ల ఖాళీ అయింది. మా ఆయన కూడా లేచి వెళ్ళారు. నేను కడుపునిండా తిన్నాను.