తప్పు జవాబులు చెప్పే డ్రైవరును మా బస్సుకు తిరిగి ఇప్పించుట గురించి

డిపో మేనేజరు గారి సముఖమునకు,

అయ్యా,

విషయం: ఉదయం మొదటి ట్రిప్పు మిల్లు బస్సు డ్రైవరుకు ఇచ్చిన మెమో రద్దు చేయుట, వారిని అదే బస్సుకు తిరిగి పంపుట, మరియు సదరు బస్సులో ప్రశ్నలపై విధించిన నిషేధం ఎత్తివేయుట గురించి.

ఆ బస్సులో డ్రైవరు వెనక సీటులో రోజూ ప్రయాణించే నేను తమకు సవినయంగా విన్నవించుకునేది ఏమనగా:

1. నేను కళ్లజోళ్ల దుకాణంలో అద్దాలు అరగదీసి ఫ్రేముల్లో బిగించే పని చేస్తాను. మా యజమానురాలు త్వరలో విశ్రాంతి తీసుకోబోతున్నారు. ఆ తర్వాత దుకాణం నడిపేవాళ్లు బిజినెస్ స్కూల్లో చదివినవాళ్లై ఉండాలని ఆవిడ పట్టుదల. ఆ పట్టుదల నాకు నచ్చింది. ఆ చదువు నాకు లేకపోవడం నచ్చలేదు. కావున ప్రవేశ పరీక్షకు దరఖాస్తు చేసితిని. లెక్కలతో నాకు పేచీ లేదు, పవర్లూ కోణాలూ నా చేతి పనే. నన్ను నిలువునా ముంచుతున్నవి వ్యాకరణమూ, తర్కమూ. ఇంట్లో పుస్తకం తెరిస్తే మా చంటిది అట్ట నమిలేస్తుంది. దుకాణంలో మిషను మోత. చదువుకోవడానికి నాకు మిగిలిన చోటు తమ బస్సు ఒక్కటే.

2. ప్రశ్న ఇంగ్లీషులో ఉంటుంది. దాన్ని మన మాటల్లో పైకి చెప్పుకుంటే గానీ నా బుర్రకెక్కదు. ఒకరోజు అలాగే గొణుక్కుంటున్నాను: ఒక బేకరీకి కొత్త రంగు వేశారు, అమ్మకాలు పెరిగాయి, కాబట్టి రంగు వల్లే పెరిగాయని యజమాని అంటున్నాడు, ఈ వాదనను బలహీనపరిచేది ఏది? బస్సులో అందరూ బాబాయి అని పిలుచుకునే సదరు డ్రైవరు, రోడ్డు మీంచి చూపు తిప్పకుండానే జవాబిచ్చారు.

"రంగు వేసినవాడికి ఒక్క బన్నన్నా పెట్టారో లేదో, ముందు అది కనుక్కోమ్మా."

ఆ జవాబు తప్పు. పుస్తకంలో ఇచ్చిన తప్పు జవాబుల్లో కూడా అది లేదు. పక్క వీధి బేకరీ అదే వారం మూతపడిందన్నది సరైన జవాబు. ప్రశ్నలో లేని సంగతిని మనం తీసుకురాకూడదని ఆయనకు నచ్చజెప్పబోయాను. చెబుతుంటే, ఆ నియమం మొదటిసారి నాకే అర్థమైంది.

3. ఆనాటి నుంచి బాబాయి రోజూ జవాబులు చెప్పారు. అన్నీ తప్పే. ఇది ఫిర్యాదు కాదని గమనించ ప్రార్థన. "కళ్లజోళ్ల పెట్టె పగిలాయి" అన్న వాక్యంలో దోషం ఏమిటని అడిగాను. పెట్టె ఒక్కటే గనుక "పగిలింది" అనాలి. బాబాయి ససేమిరా ఒప్పుకోలేదు. పెట్టె పగిలితే ఎవరికి బాధ, లోపల జోళ్లు పగిలాయనేగా ఏడుపు, కాబట్టి "పగిలాయి" అనే ఉండాలన్నారు. నష్టపోయినవాడి పక్షాన క్రియ మారదని చెప్పడానికి నాకు మిల్లు దాకా పట్టింది. ఆ తర్వాత అలాంటి ప్రశ్న ఒక్కటి కూడా నేను తప్పు చేయలేదు. తప్పును అంత నమ్మకంగా, అంత దయగా చెప్పే మనిషి ఏ కోచింగ్ సెంటరులోనూ దొరకరు.

మెల్లగా బస్సంతా చేరింది. కుడి వైపు సీట్లవాళ్లు నా పక్షం, ఎడమ వైపువాళ్లు బాబాయి పక్షం. "పాత బస్సు కండక్టరు సెలవు పెట్టింది" అంటే పాతది బస్సా, కండక్టరా అని ఒకరోజు వాదన నడిచింది. కండక్టరమ్మ టిక్కెట్ల మిషను చంకలో పెట్టుకుని, సెలవు తనది, బస్సు డిపోది, ఆ పాత మాట ఎవరు ఎత్తారో వాళ్లు మాత్రం ముందు స్టాపులో దిగిపోవచ్చని తీర్పు చెప్పింది.

4. ఇక తమ దృష్టికి వచ్చిన సంఘటన. ఆ రోజు ప్రశ్న ఇది: కార్మికులు ఆలస్యంగా వస్తున్నారని ఒక యజమాని గేటు ముందుగానే మూయించాడు, ఆలస్యాలు తగ్గాయి, పద్ధతి ఫలించిందని అతని వాదన, ఇందులో దాగి ఉన్న ఊహ ఏది? గేటు బయట నిలబడిపోయినవాళ్ల సంగతేమిటని బాబాయి పట్టుబట్టారు. వాళ్లు ప్రశ్నలో లేరు బాబాయీ అన్నాను. లేకపోవడమేమిటి, బయటే ఉన్నారుగా అన్నారు. ఎడమ వైపంతా చప్పట్లు. నా గొంతు పెరిగింది, ఆయన గొంతూ పెరిగింది. ఆ సందట్లో ఆసుపత్రి స్టాపు దాటిపోయింది.

అక్కడ దిగవలసిన పెద్దావిడ ఒకరు కడ్డీ పట్టుకుని లేచి నిలబడే ఉన్నారు. ఆపమని ఆవిడ అన్న మాట మా ఎవరి చెవినా పడలేదు. తర్వాతి స్టాపులో దిగి వెనక్కి నడిచి వెళ్లేసరికి బంధువులు రోగులను చూసే వేళ అయిపోయింది, ఆసుపత్రి గేటు మూసేశారు. లోపల ఆవిడ అక్కయ్య ఉన్నారు. ఈ పేరా ఎన్నిసార్లు రాసినా దీన్ని ఆఫీసు భాషలోకి తేలేకపోయాను, క్షమించండి.

5. ఫిర్యాదు అందిన మీదట తమరు బాబాయికి మెమో ఇచ్చి, డిపో లోపల బస్సులు కడిగే చోటికీ పార్కింగుకీ మధ్య వాటిని తిప్పే పనిలో వేశారు. మా బస్సులో "ఎవరూ ఎవరినీ ప్రశ్నలు అడగరాదు" అని నోటీసు అంటించారు. తత్ఫలితముగా కండక్టరమ్మ ఎక్కడికని అడగడం మానేసి, ఊరకే చేయి చాపుతున్నది. మొన్న కొత్తగా ఎక్కినాయన ఈ బస్సు మిల్లుకు వెళ్తుందా అని అడిగితే బస్సంతా బిక్కుబిక్కుమంటూ నోటీసు వైపు చూసింది. కొత్త డ్రైవరు గారు బుద్ధిమంతులు. ప్రతి స్టాపులోనూ ఆపుతారు. నేను ధైర్యం చేసి చిన్న ప్రశ్న ఒకటి వేస్తే, నాకు తెలియదమ్మా అన్నారు. నిజాయితీ గల జవాబే, కానీ దాంతో నేనెవరితో వాదించను? మొన్నటి నమూనా పరీక్షలో నా మార్కులు మళ్లీ మొదటికి వచ్చాయి.

6. తమకు రాసే ముందు నేను ఆసుపత్రికి వెళ్లి ఆ పెద్దావిడను కలిశాను. వాళ్ల అక్కయ్య మంచం పక్కన ఆవిడ కూర్చుని ఉన్నారు. నేనెవరో చెప్పి, తప్పు నాదని చెప్పాను.

"పొద్దున్నంతా గేటు దగ్గర నిలబడ్డానమ్మా. కోపం రాదా? వచ్చింది, రాశాను" అన్నారావిడ. "స్టాపు వచ్చినప్పుడు గట్టిగా పిలవమని రాశాను. బస్సు ఆపమన్నాను గానీ, బస్సు నడిపే ఆయన్ని ఆపెయ్యమన్నానా?"

బాబాయికి ఏం శిక్ష పడిందో ఆవిడకు నేను చెప్పేదాకా తెలియదు. ఆ తర్వాత ఇంతకీ ఆ గేటు ప్రశ్నకు జవాబేమిటని అడిగారు. చెప్పాను. ఆలస్యాలు తగ్గడానికి గేటు తప్ప వేరే కారణం లేదన్నదే ఆ ఊహ. ఆవిడకు నచ్చలేదు. మంచంలో ఉన్న అక్కయ్యకు అసలే నచ్చలేదు. ఇద్దరూ బాబాయి పక్షమే. వారిద్దరి సంతకాలూ ఈ అర్జీ అడుగున ఉన్నవి.

7. కావున తమరు దయతో (అ) <s>మెమో రద్దు చేయవలెను</s>, (ఆ) బాబాయిని మా బస్సుకు పంపవలెను, (ఇ) నోటీసు తీయించవలెను. ఇకమీదట ప్రతి స్టాపు పేరూ కండక్టరమ్మ గట్టిగా పిలుస్తుంది, ఆ పిలుపు వినపడగానే కుడి ఎడమలు రెండూ నోరు మూసుకుంటాయి. ఇందుకు ప్రయాణికులందరి తరఫున నాదే పూచీ.

పై సంగతులన్నీ చిత్తగించి, తోచిన న్యాయం ఆలస్యం లేకుండా చేయవలెను.

ఇట్లు,
తమ విధేయురాలు,
మిల్లు బస్సు ముందు సీటు ప్రయాణికురాలు

తా.క.: అయ్యా, ఇది తమ ఆఫీసు బల్ల మీద కూర్చుని చేత్తో రాసి కలుపుతున్నాను. బదిలీ అర్జీలు వచ్చే నెల గానీ చూడరని గుమాస్తా గారు అన్నారు. నా పరీక్ష ఈ ఆదివారమే.

ఇంతలో బాబాయి బస్సు కడిగించి, తడి కాళ్లతో ఇటు వచ్చారు. అర్జీ అంతా నిలబడే చదివారు. (అ) దగ్గర ఆగి నా పెన్ను అడిగి తీసుకున్నారు.

"ఇది కొట్టేస్తున్నానమ్మా. ఆవిడ వాళ్లక్కని చూసుకోలేకపోయింది. మెమో న్యాయమే, ఉండనీ. బస్సు ఇస్తే చాలు."

పైన ఆ గీత ఆయనదే. అందులో నేను మార్చగలిగిందేమీ లేదు.

తర్వాత ఆయన టీ విరామం అయ్యేదాకా ఇదే బల్ల మీద ప్రశ్నలు చేశాం. ఆయనవన్నీ తప్పయ్యాయి, నావన్నీ ఒప్పయ్యాయి. లేచి వెళ్తూ, ఆదివారం డ్రైవర్లు తక్కువ గనుక తనను ఏదో ఒక రోడ్డు మీదికి పంపుతారని చెప్పారు. ఏ రోడ్డో ఆయనకూ తెలియదట, అది తమ చేతిలో ఉందట.

అర్జీ సంగతి వచ్చే నెల తీరిగ్గా చూడండి సార్. ఆదివారం పొద్దున బాబాయి ఏ బస్సు తీస్తారో మాత్రం ఇప్పుడే చెప్పించండి. పరీక్ష హాలుకు అది ఎంత చుట్టు తిరిగి వెళ్లినా సరే, నేను అదే ఎక్కుతాను.