ఎర్తు గుంత పూడ్చమన్న తాఖీదు

విద్యుత్ శాఖ సహాయక ఇంజనీరు గారి సముఖమునకు,
పాలగుంట సెక్షన్ ఆఫీసు.

పాలగుంట గ్రామం, పడమటి వీధి కాపురస్తుడు కామయ్య గారి భార్య సుకుమారి రాసుకున్న అర్జీ.

విషయం: మా ఇంటి ఆవరణలోని ఎర్తు గుంతను ఏడు రోజుల్లో పూడ్చవలెనని తాము పంపిన తాఖీదును నేను పాటించకపోవుట గురించి.

అయ్యా,

మాకు రెండు బర్రెలు, నలభై గొర్రెలు కలవు. ఇంటి వెనుక కొట్టంలో ఒక లైటు, గడ్డి కత్తిరించే మిషనుకు ఒక మోటారు పెట్టుకోదలచి, ఇంటి బోర్డు నుండి బయటికి వేరే లైను వేసుకొనుటకు గత జనవరిలో తమకు దరఖాస్తు చేసుకున్నాము. మా వీధిలో అలా దరఖాస్తు చేసుకున్నది మేమొక్కరమే. మిగిలినవారు వైరును కిటికీలోంచి బయటికి లాగి పందిరి గుంజకు చుట్టుకున్నారు. వారికి తాఖీదు రాలేదు. ఇక మా బాధలు వరుసగా విన్నవించుకుంటున్నాను.

1. లైసెన్సు ఉన్నవారి చేతనే పని చేయించవలెనని తమ ఆఫీసులో చెప్పగా, ఆత్మకూరు నుండి రాజమోహన్ గారనే వైరింగు కాంట్రాక్టరును పిలిపించాము. ఆయన కొట్టానికి విడిగా, లోడు ఎక్కువైతే కరెంటు ఆపే ఎంసీబీ, మనిషికి షాకు తగిలితే వెంటనే పడిపోయే ట్రిప్పు స్విచ్చి పెట్టి, వైరును పైపులో వేసి నేలలో పాతి, వాన తగలని పెట్టెలో ప్లగ్గు బిగించి, లీకైన కరెంటు నేలలోకి దిగిపోయేందుకు ఇనుప పైపు దింపి, చుట్టూ ఉప్పు, బొగ్గు వేసి ఎర్తు గుంత కట్టారు. వేసవిలో రోజూ గుంతలో రెండు బిందెల నీళ్లు పోయవలెనని చెప్పి, టెస్టు రిపోర్టు రాసి ఇచ్చారు. అనుమతి కోసం ఆ రిపోర్టు పట్టుకొని తమ ఆఫీసుకు నాలుగుసార్లు వచ్చాను. మొదటిసారి తమరు మీటింగులో ఉన్నారు. రెండోసారి జిరాక్సు సరిగా లేదన్నారు. మూడోసారి అసలు కాగితమే పోయిందన్నారు. నాలుగోసారి అది తమ బల్ల మీదే, టీ గ్లాసు కింద ఉంది. నేనే తీసి చూపించాను. "రేపు చూస్తాంలే" అన్నారు. ఆ రేపు ఇంకా రాలేదు.

2. ఏప్రిల్ నెల గాలివానకు, మా ఇల్లు దాటాక ఉన్న స్తంభం మీద న్యూట్రల్ వైరు తెగింది. ఇళ్లలోకి వచ్చిన కరెంటు తిరిగి పోయే వైరు అది. అవతలి ఇళ్లవాళ్లు వైరు వేయమని అడిగితే తమ లైన్‌మన్ గారు ఇంటింటికీ తిరిగి చెప్పిన మాట ఇది: "నూట్రలు వైరు ఆఫీసులో స్టాకు లేదు. మీ ఎర్తుకు కలుపుకోండి, ఫ్యాన్లు తిరగతాయి." ఫ్యాన్లు తిరిగాయి. తమకు ఫిర్యాదులు రాలేదు. తాము సుఖంగా ఉన్నారు.

3. మే నెల ఎండలకు వారి ఎర్తులు ఎండిపోయి ఫ్యాన్లు నీరసించాయి. రోజూ నీళ్లు పోసిన మా గుంత తడిగా ఉంది. ఇక చూడండి, మజ్జిగకు చెంబు తెచ్చుకున్నట్టు జనం వైరు చుట్టలు పట్టుకొని మా గడపలోకి వచ్చారు. అవతలి ఇంటి నారాయణయ్య మామ, "మీ ఎర్తు బాగుండాదంట గదా సుకుమారీ, మాకూ ఒక వైరు ఇయ్యి. తరిగిపోద్దా ఏంది?" అన్నాడు.

"ఇయ్యను మామా. అది మా ప్రాణాలకని పెట్టించుకున్నాము" అని చెప్పాను.

నేను గొర్రెలను, మా ఆయన బర్రెలను తోలుకొని పోయిన రోజు చూసి, తమ లైన్‌మన్ గారే గోడ మీదుగా వైర్లు వేసి మా గుంతలోని పైపుకు కలిపి వెళ్లారు. ఒక ఇంటిది కాదు, ఆరిళ్లవి. మాకు చెప్పినవారు లేరు.

4. మరునాడు పొద్దున మా ఆయన గుంతలో నీళ్లు పోస్తూ పైపు మీద చెయ్యి వేశాడు. బిందె ఒకవైపు, మనిషి ఒకవైపు పడ్డారు. మా ట్రిప్పు స్విచ్చి పడలేదు. ఆ కరెంటు ఆరిళ్ల వైర్లలోంచి పైపులోకి దిగినది, మా లైనుది కాదు గనుక దానికి తెలియదని రాజమోహన్ గారు వచ్చి చూసి చెప్పి, తల పట్టుకొని కూర్చున్నారు. మా ఆయన బతికాడు. కుడిచేతి వేళ్లు మాత్రం ముడుచుకోవడం లేదు. ఇరవై ఏళ్లుగా పాలు పిండిన చెయ్యి అది. ఇప్పుడు బర్రె దగ్గర కూర్చుని, వేళ్లు మాట వినక ఏడుస్తాడు. మా ఆయన ఏడవడం తమ శాఖ పరిధిలోకి రాదని తెలుసు. అయినా రాస్తున్నాను.

5. దీనిపై నేను ఫిర్యాదు ఇవ్వగా, తాము వచ్చి చూడకుండానే "ప్రమాదానికి కారణం అనుమతి లేని ఎర్తు గుంత" అని రాసి, పూడ్చమన్నారు. అనుమతి ఇవ్వవలసినది ఎవరయ్యా? జనవరి నుండి ఆ కాగితం మీద టీ తాగినది ఎవరు? సిగ్గనిపించలేదా తమకు, ఆ తాఖీదు మీద సంతకం పెట్టేటప్పుడు?

కావున తాము వెంటనే స్తంభం మీద న్యూట్రల్ వైరు వేయించి, మా లైనును కళ్లతో చూసి అనుమతి ఇచ్చి, సదరు తాఖీదును రద్దు చేయవలెను. చేతకాకపోతే చేతకాదని కాగితం మీద రాసి, సంతకం పెట్టి ఇవ్వవలెను. పైవారికి చూపించుకుంటాను.

ఈసారి గ్లాసు పక్కన పెట్టి చిత్తగించవలెను.

ఇంతవరకు తమ విధేయురాలు,
సుకుమారి

తా.క.: ఆరు వైర్లూ ఈ ఉదయం రాజమోహన్ గారి చేత తీయించేశాను. ఆరిళ్లలో ఫ్యాన్లు ఆగాయి. నారాయణయ్య మామ గోడ మీద నుంచి, "నీ మొగుడు బతికినాడు గదమ్మా, ఇంకా ఏంది నీ పంతం?" అని అడిగాడు. వాళ్లు తమ లైన్‌మన్‌కు ఫోన్ చేశారు. సాయంత్రం వచ్చి మళ్లీ కలుపుతానన్నాడట. రమ్మనండి. తమరూ రండి. మా ఆయన గుంత పక్కకు మంచం లాక్కొచ్చి, పైపుకు అడ్డంగా వేసుకొని కూర్చున్నాడు. నేను చెప్పలేదు, ఆయనే లాక్కొచ్చాడు, ఒంటి చేత్తో. వైరు కలపాలంటే ముందు ఆయనను లేపాలి. లేపేటప్పుడు ఎడమ చెయ్యి పట్టుకొని లేపండి. కుడిచేత్తో ఆయన మిమ్మల్ని పట్టుకోలేడు.