తారు ఆరని పడవ

అన్నయ్యా,

నా రాత వంకర, తప్పులూ ఉంటాయి. ఏమీ అనుకోకు. ఐదో తరగతితో ఆగిపోయినదాన్ని కదా.

నువ్వు పోయి ఈ రోజుకి ఏడాది. ఏలూరులో స్నేహితులతో పాచికలేసి, కథ అల్లుకుంటూ ఆడే రాక్షసుల ఆటకి నియమాలు రాస్తూ నాకు ఫోన్ చేసేవాడివి. ఆటలో పడవ కావాలన్నా చెక్క, కొబ్బరిపీచు, తారు సంపాదించి చేసుకోవాలనేవాడివి. "మంత్రాలుండగా తారు ఆరబెట్టడం ఏంట్రా?" అని వాళ్ళు వెక్కిరిస్తే, "మా చెల్లి కొల్లేటి కోడలు. ఆరాలంటే ఆరాల్సిందే" అన్నానని చెప్పి నవ్వావు. తారు ఆరకుండా పడవ దింపితే పాచిక వెయ్యాలి. ఒకటి పడితే నీళ్ళ మధ్యలో చెక్కల సందు విచ్చుకుంటుంది. అది నువ్వు పెట్టిన నియమం.

నిన్న మీ బావ మా పడవ సందుల్లో పీచు కూరి తారు పూశారు. తర్వాత వాన పడింది. పొద్దున ముట్టుకుంటే వేలికి అంటుకుంది.

"ఏవండీ, ఈ పూటకి ఆగకూడదా?" అన్నాను తలుపు చాటునుంచి.

"మీ అన్నయ్య ఆట కాదే ఇది. మధ్యాహ్నం భోజనానికి వచ్చేస్తాగా" అని వల తీసుకుని వెళ్ళారు.

ఇప్పుడు పొద్దు వాలుతోంది. గాలి లేచింది. ఆయన ఫోను ఇంట్లోనే ఉంది.

నువ్విచ్చిన పాచిక ఇందాక వేశాను. మంచం కిందికి దొర్లింది. వంగి చూడలేకపోతున్నాను.

ఆయన వస్తే ఇది చూసి నవ్వుతారు, పరవాలేదు. రాకపోతే, ముందే అశుభం రాసి పెట్టిందంటుంది అత్తయ్య. చదివి కాల్చెయ్యి అన్నయ్యా.

నీ చెల్లి