నీళ్ళ లారీ సిపాయికి బంధువులున్నారని మనవి

సైనిక రికార్డుల కార్యాలయం అధికారి గారి సముఖమునకు,

అయ్యా,

(ఇదివరకటి జవాబుల కింద తమ సంతకం ఒక్క గీతలా ఉన్నందున తమరు అయ్యగారో అమ్మగారో తెలియలేదు. అమ్మగారైతే మన్నించగలరు.)

విషయం: యుద్ధకాలంలో నీళ్ళ లారీ నడిపిన సిపాయి, అనగా మా అమ్మ తండ్రి, మరణవార్త కాగితం ఇప్పటికైనా ఇప్పించవలసిందని నాలుగో అర్జీ.

1. నేను గ్రంథాలయంలో ముప్పై నాలుగేళ్ళు పుస్తకాలకు బైండింగు చేసి కిందటేడు పదవీ విరమణ పొందినవాడను. వయసు అరవై ఒకటి. పెళ్ళి కాలేదు. సదరు సిపాయి యుద్ధం రెండో ఏట ఇల్లు విడిచి వెళ్ళునాటికి మా అమ్మకు పదకొండు నెలలు. ఆయన తిరిగి రాలేదు. పోయినట్టు కబురూ రాలేదు. యూనిఫాం వేసుకుని స్టూడియోలో తీయించుకుని పంపిన ఫోటో ఒకటి వచ్చింది. మా అమ్మ తన తండ్రిని చూసింది అందులోనే.

2. మా అమ్మమ్మ ఆస్పత్రిలో దుప్పట్లు ఇస్త్రీ చేసేది. ఏ దరఖాస్తులోనైనా 'భర్త' అన్న చోట 'ఊళ్ళో లేరు' అని రాయించేది. నలభై ఒక్క ఏళ్ళు అలాగే రాయించింది. ఆయన వచ్చాక చేద్దామని మా అమ్మ పెళ్ళి రెండుసార్లు వాయిదా వేసింది. ఆమె మంచాన పడ్డాక, అప్పటికి నాకు ఇరవై ఏళ్ళు, పక్కన కూర్చుని అడిగాను.

"అమ్మమ్మా, ఇంకా వస్తాడనే అనుకుంటున్నావా?"

"కాగితం రాలేదు కదరా," అంది. "పోతే కాగితం వస్తుంది. పోయినవాళ్ళ ఇళ్ళకి వచ్చింది. మనకి రాలేదు."

ఆ తర్వాత పన్నెండు రోజులకు ఆమే పోయింది. ఇది ఫిర్యాదు కాదు. తమకు సంగతి బోధపడుటకు మనవి చేశాను.

3. నాలుగేళ్ళ క్రితం మా అమ్మ కూడా పోయింది. అదే ఏడు వానలకు గోడ చెమ్మెక్కి, ఆ ఫోటో వెనక అట్ట ఉబ్బింది. అట్టలు విప్పడం నా వృత్తి. ఆవిరి పట్టి, పలచటి కత్తితో రెండు రోజులు కష్టపడి ఫోటోను విడదీశాను. వెనకాల, ఎవరి ఫోటో ఎవరిదో కలిసిపోకుండా స్టూడియోవాడు పెన్సిలుతో రాసుకున్న సిపాయి నంబరు కనబడింది. ఆ నంబరుతో తమకు మొదటి అర్జీ పెట్టుకున్నాను. ఏడు నెలలకు తమరు దయతో ఆయన భర్తీ ఫారం నకలు పంపారు.

దాని ప్రకారం ఆయన పని: డ్రైవరు, నీటి సరఫరా. నూట ఎనభై మందికి తాగునీళ్ళు మోసేవాడు. అడుగున తరువాత చేర్చిన వరుస: చేరిన పద్నాలుగు నెలలకు, నది ఒడ్డున నీరు నింపుచుండగా గట్టు విరిగి, వాహనముతో సహా మునిగి మృతి.

తన తండ్రి ఫిరంగి దళంలో ఉండేవాడని మా అమ్మ బతికున్నంత కాలం అందరికీ చెప్పేది. నీళ్ళు మోసేవాడని తెలిస్తే చిన్నబుచ్చుకునేదో, ఇంకా మురిసిపోయేదో నాకు తెలియదు. అడగడానికి ఎవరూ లేరు. నకలు అందిన రోజు ఎవరికైనా చెప్పాలనిపించి కింది వాటాలో ఉండే గడియారాల మెకానిక్ దగ్గరికి వెళ్ళాను. "మా తాత యుద్ధంలో ఎలా పోయాడో తెలిసిందండీ," అన్నాను. కంటికున్న భూతద్దం తీయకుండానే, "ఏ యుద్ధం?" అన్నాడు ఆయన. పైకి వచ్చేశాను.

అదే ఫారంలో 'దగ్గరి బంధువులు' అన్న చోట 'ఎవరూ లేరు' అని ఉంది.

4. అయ్యా, భార్య ఉండగా, పాలుతాగే బిడ్డ ఉండగా, ఎవరూ లేరని మనిషి ఎందుకు రాయిస్తాడు? వారం రోజులు అన్నం సరిగా సయించలేదు. ఆయన కోసం ఒక ఆడమనిషి తన బతుకంతా 'ఊళ్ళో లేరు' అని రాయించింది. ఆయన మాత్రం ఒక్క మాటలో ఆమెను కొట్టేశాడు. కోపం వచ్చి ఫోటోను గోడవైపు తిప్పిపెట్టాను.

పొరపాటైతే దిద్దవలసిందని వారి పెళ్ళి రిజిస్టరు నకలు, మా అమ్మ పుట్టిన తేదీ పత్రం జతచేసి రెండో అర్జీ పెట్టాను. దానికి తమ జవాబు: "రికార్డు ప్రకారం సదరు సిపాయికి బంధువులు లేరు. కావున బంధువునని చెప్పుకొనుచున్న తమరి అర్జీ పరిశీలనకు అర్హము కాదు."

నేను ఎవరికీ ఏమీ కానని నాకు అప్పటికే అనుమానంగా ఉండేది. కార్యాలయం ముద్రతో తెలియడం అదే మొదటిసారి.

5. అయినా నకలును పారేయలేదు. వెలుతురులో పెట్టి చూస్తే 'ఎవరూ లేరు' అన్న చోట కాగితం కొంచెం నల్లబడి ఉంది. అసలు కాగితానికి అవతలి వైపు సిరాతో ఏదో రాస్తే ఇవతలికి ఊరి, నకలులోకీ వచ్చిన మచ్చ అది. అలాంటివి వేల కాగితాల్లో చూసినవాణ్ణి. వెనకవైపు నకలు కూడా కావాలని మూడో అర్జీ పెట్టాను. జవాబు రానందున రైలెక్కి స్వయంగా తమ కార్యాలయానికి వచ్చాను. తమరు సెలవులో ఉన్నారు. రికార్డు గదిలో పనిచేసే అమ్మాయి ఫైలు తెచ్చింది.

"వెనకవైపు ఏముందో చూడాలమ్మా," అన్నాను.

"వెనకవైపు చూపించమండీ. ముందువైపే రికార్డు."

"మరి వెనకవైపు?"

"వెనకవైపు వట్టి కాగితం అండీ."

ఫైలులో ఇంకో ఫోటో ఉంది. అది మాత్రం చూడనిచ్చింది. లారీ ముందు తొమ్మిది మంది వరసగా నిలబడ్డారు. ఎనిమిది మంది కెమెరాను చూస్తున్నారు. చివరనున్న సన్నటి మనిషి మాత్రం లారీ వెనక కారుతున్న కుళాయిని చూస్తున్నాడు. ఆ అమ్మాయి ఫోటోను చూసి, నన్ను చూసి, "చివరాయన మీవాడేనా? చెవి అచ్చం మీదే," అంది. నా చెవి సంగతి ఒకరు గమనించి చాలా ఏళ్ళయింది.

"మా అమ్మ వాళ్ళ నాన్న," అన్నాను.

ఆమె ఫైలు నా ముందు తెరిచే ఉంచి, "నేను టీ తాగి వస్తాను. దేన్నీ ముట్టుకోకండి," అని వెళ్ళింది. తరువాత కాగితం గాలికి తిరిగింది. ఆ గదిలో ఫ్యాను లేదనీ, కిటికీ తెరుచుకోదనీ తమరు అనవచ్చు. గాలికే తిరిగిందని నా వాంగ్మూలం. ఆమె తప్పు ఇసుమంతైనా లేదు.

వెనకవైపు భర్తీ గుమాస్తా చేతిరాత ఇలా ఉంది: "భార్య కలదు. ఒక ఆడబిడ్డ. చావు కబురు ఇంటికి పోరాదని ఇతని కోరిక. బంధువులున్న యెడల కబురు పోక తప్పదని చెప్పితిని. అయితే ఎవరూ లేరని రాయమన్నాడు. నచ్చజెప్పితిని. వినలేదు."

6. అప్పుడు నాకు మా అమ్మమ్మ నవ్వుతూ చెప్పే మాట ఒకటి గుర్తొచ్చింది. యుద్ధం మొదటి ఏడే వాళ్ళ పై వాటాలో ఒకావిడకు కొడుకు పోయిన కాగితం వచ్చిందట. ఆవిడ తడిబట్టలు చేత్తో పట్టుకునే చదివి, మెట్ల మీద కూలబడి, మళ్ళీ మామూలు మనిషి కాలేదట. తాత బయల్దేరే రోజు పొద్దున మా అమ్మమ్మ ఆయనతో ఒక్కటే అంది: "నువ్వు ఎప్పుడైనా రా. ఆ కాగితం మాత్రం మన గుమ్మం తొక్కకూడదు."

"సరే," అన్నాడట.

"నేనేం చెప్పినా సరే అనేవాడురా," అని ఆమె నవ్వేది. ఆ 'సరే' ఎంత దూరం వెళ్ళిందో ఆమెకు తెలియదు. ఆమె కోసం ఆయన కాగితాన్ని ఆపించాడు. కాగితం రాలేదు కాబట్టి ఆమె నలభై ఒక్క ఏళ్ళు ఎదురుచూసింది. ఇద్దరిలో ఎవరూ తప్పు చేయలేదు. ఇంటికి రాగానే ఫోటోను మళ్ళీ ముందుకు తిప్పి, అద్దం తుడిచి, క్షమించమని అడిగాను.

7. పై కారణముల వల్ల నేను పతకమూ పింఛనూ కోరడం లేదు. 'ఎవరూ లేరు' అన్న మాట కొట్టివేసి భార్య, కూతురు, మనవడు అని రాయించవలసిందనీ, ఆ రోజుల్లో మిగతా ఇళ్ళకు పంపిన కాగితం వంటిదే ఒకటి నా పేర పంపవలసిందనీ ప్రార్థన. ఇది ఆయన కోరికకు విరుద్ధమని తమరు ఆక్షేపించవచ్చు. ఆ కాగితం చూసి కూలబడే మనిషి ఇప్పుడు ఈ ఇంట్లో లేదు. అందుకోవడానికి నేనున్నాను.

నా ఈ గోడు తమరు చిత్తగించి, నేను ఉండగానే ఉత్తర్వులు దయచేయవలెను.

ఇట్లు
తమ విధేయుడు,
సదరు సిపాయి కూతురి కొడుకు

తా.క. మామూలు టపాలో పంపితే పోస్టుమాన్ పెట్టెలో వేసి వెళ్ళిపోతాడు. రిజిస్టరు పోస్టులో అయితే సంతకం కోసం తలుపు కొట్టి, నేను వచ్చేదాకా నిలబడాలి. దయచేసి అలాగే పంపండి. అతను మంచివాడు. లోపలికి పిలిచి, అతన్నే కవరు చించి పైకి చదవమంటాను. ఇలాంటి కబురు ఒకరు చెప్తే వినాలి గానీ, ఒక్కణ్ణే కూర్చుని చదువుకోవడం నావల్ల కాదు.