పసుపు గుడ్డ పడిన శనివారం

చిరంజీవి హాలిస్‌ను అమ్మ దీవించి రాస్తున్నది.

ఇక్కడ మేమిద్దరం బాగానే ఉన్నాం, మీ నాన్న మోకాలు ఒక్కటే మాట వినడం లేదు. మెంఫిస్‌లో నువ్వూ, జెనెట్టూ, పిల్లలూ కులాసాగా ఉన్నారనే అనుకుంటున్నాను. చిన్నదానికి దగ్గు తగ్గిందో లేదో నువ్వు రాయలేదు. రాయలేదంటే తగ్గలేదేమోనని నాలుగు రోజులుగా అదే ఆలోచన. కారు టైర్లు మార్పించావా?

ఫోన్ చేద్దామనుకున్నాను కానీ ఫోన్ మీ నాన్న కుర్చీ పక్కనే ఉంది. ఇందులో రాసేది ఆయన వింటుండగా చెప్పలేను. అందుకే ఉత్తరం. నా అక్షరాల సంగతి నీకు తెలుసు, ఓపిగ్గా చదువుకో.

నువ్వు అడిగినవాటికి జవాబులు. రక్తపోటు మాత్రలు వేసుకుంటున్నాను. ఇంటి మీద ఎవరూ రాళ్లు వేయలేదు, అలాంటి పాడు ఆలోచనలు పెట్టుకోకు. మన కాలేజీ ఫుట్‌బాల్ ఆటకి నువ్వే రిఫరీగా వస్తున్నావని ముందే చెబితే నాకు నిద్ర పట్టదని చెప్పలేదన్నావు. మంచిపనే చేశావు. అయినా తర్వాత పట్టలేదులే.

ఊరు నిన్ను ఏమందని అడిగావు. దాచను. ఆఖరి క్షణంలో మనవాడు బంతి పట్టుకుని గీత దాటగానే ఊరంతా గంతులేసిందట. అంతలో, తప్పు పట్టినప్పుడు నువ్వు విసిరే ఆ పసుపు గుడ్డ నేల మీద కనబడింది. మనవాడొకడు అవతలివాడి చొక్కా పట్టుకుని లాగాడని నువ్వు చెయ్యెత్తి చూపించావు, ఆ పరుగు చెల్లకుండా పోయింది, ఆటా పోయింది. మర్నాడు చర్చిలో మా బల్ల మీద మా ఇద్దరి పక్కన ఎవరూ కూర్చోలేదు. మంగలి క్లోవిస్ తన కొట్టు గోడ మీద నుంచి నీ బడినాటి ఫొటో తీసేశాడు. మీ నాన్న క్షవరానికి వెళ్లి, అది చూసి, చేయించుకోకుండానే తిరిగొచ్చారు. ఆ తర్వాత నీ పేరు ఎత్తలేదు. నేనెత్తినా టీవీ సౌండ్ పెంచేవారు.

అదే వారం నీ ఉత్తరం వచ్చింది. థాంక్స్‌గివింగ్‌కి రానని, రిఫరీ పనే మానేస్తానని. అది చదివాక నాకు అన్నం సయించలేదు. ఈ పండక్కి రాకపోతే మరుసటి పండక్కి రావడం ఇంకా కష్టమవుతుంది. అలా రాకపోకలు ఆగిపోయిన ఇళ్లు ఈ ఊళ్లో నేను చూశాను.

బుధవారం చర్చి హాల్లో అందరి భోజనాలు జరుగుతున్నాయి. క్లోవిస్ పళ్లెం చేత్తో పట్టుకుని, అందరికీ వినబడేలా, "హాలిస్‌గాడికి కళ్లద్దాలు కొనిపెట్టడానికి ఒక చందా డబ్బా తిప్పుదామా పాస్టర్‌గారూ?" అన్నాడు. అందరూ నవ్వారు. మీ నాన్న తల వంచుకుని మొక్కజొన్న రొట్టె ముక్కలు ముక్కలుగా చిదుపుతున్నారు. తినడం లేదు.

నేను లేచి నిలబడ్డాను.

"వాణ్ణి అనకండి. ఆ గుడ్డ పడింది నావల్ల. నేను వంటింట్లోంచి బయటికొచ్చాను" అన్నాను.

నీకు తెలుసుగా, ఆఖరి నిమిషాల్లో నేను చూస్తే మనవాళ్లు ఓడిపోతారని. ఎన్నేళ్లనుంచో ఆ కాసేపూ వంటింట్లో సింకు ముందు, టీవీకి వీపు పెట్టి, కడిగిన గిన్నెలే మళ్లీ కడుగుతుంటాను. ఈ ఊళ్లో, మనవాళ్లు గెలుస్తున్నన్నాళ్లూ పాస్టర్‌గారు మార్చని మేజోళ్లనీ, నా వంటింటినీ నమ్మనివాళ్లు లేరు. ఆట బిగిస్తే క్లోవిస్సే ఫోన్ చేసి, "పిన్ని లోపలే ఉందా?" అని అడుగుతాడు.

పక్కింటి ఇమోజీన్ చేతిలో చెంచా జారిపోయింది. "ఒసేయ్ వర్డీ! ఎంత పని చేశావే! ముసలితనం వచ్చింది గానీ బుద్ధి రాలేదే నీకు!"

"ఎందాకా వచ్చావు పిన్నీ?" అన్నాడు క్లోవిస్, హత్య కేసు విచారిస్తున్నవాడిలా.

"టీవీ దాకా. ఆయనకి కాఫీ కావాలేమోనని."

"కాఫీయా! అప్పుడా! బాబాయ్, నిజమేనా? నువ్వు చూశావా?"

మీ నాన్న తలెత్తారు. "చూశాను. నా కుర్చీ వెనకే నిలబడింది. పొమ్మన్నా పోలేదు" అన్నారు.

ఇంక చూడు నాయనా, ఒక్కొక్కరూ వచ్చి నాకు చీవాట్లు పెట్టడమే. నీ మాటే ఎత్తినవాడు లేడు. మొన్న శనివారం ఆటకి ఇమోజీన్‌ని నాకు కాపలా పెట్టారు. వంటింటి తలుపు మూసి, వీపు ఆనించి కుర్చీ వేసుక్కూచుంది మహాతల్లి, "కదిలావంటే కాళ్లు కట్టేస్తా" అంటూ. ఆఖర్న మనవాడు తన్నిన బంతి గోలు స్తంభానికి తగిలి, బయట పడబోయి లోపల పడిందట. వీధి వీధంతా అరుపులు. ఇమోజీన్ నన్ను వాటేసుకుని ఏడ్చింది. క్లోవిస్ కేకు పట్టుకొచ్చి, "పిన్నీ, ఇకమీదట గడప దాటకు. అవునూ, హాలిస్ ఎప్పుడొస్తున్నాడు? వాడికి జుట్టు కత్తిరించేవాళ్లు మెంఫిస్‌లో లేనట్టున్నారే, టీవీలో చూశాను" అన్నాడు. వాడు నీ జుట్టును ఎగతాళి చేసేదాకా వచ్చాడంటే కోపం పోయినట్టే.

ఇప్పుడు నువ్వు ఆఖర్న అడిగింది. "అమ్మా, నువ్వు చూశావా? నేను తప్పు చెప్పానా?" అన్నావు.

నేను చూడలేదు, హాలిస్. ఆ రోజు కూడా సింకు ముందే ఉన్నాను. మీ నాన్న "మన హాలిస్‌గాడే!" అని అరిచి, ఆ వెంటనే మాట లేకుండా అయిపోతే, చేతులు నీళ్లలోనే పెట్టుకుని నిలబడ్డాను. కాలు కదపలేదు. చర్చి హాల్లో నేను చెప్పింది అబద్ధం. దేవుడికి చెప్పుకున్నాను, ఊరికి చెప్పను. నువ్వూ చెప్పకు, జెనెట్‌కి కూడా.

నీది ఒప్పో తప్పో నాకు తెలియదు. టీవీవాళ్లు వంద కోణాల్లో తిప్పి చూపించినా తేలలేదట. నాకు తెలిసింది ఒకటే. సొంత ఊరి గెలుపును నీ చేత్తో కాదన్నావంటే, కంటితో చూడకుండా నువ్వు ఆ పని చేసి ఉండవు. పని మానకు.

ఇంకొకటి ఆలోచించు. నేను బయటికి రాలేదని ఈ లోకంలో తెలిసిన మనిషి ఒక్కరే, ఆ కుర్చీలో కూర్చున్నాయన. ఆయనకి ఆటలో అబద్ధమంటే ఎంత మంటో నీకు తెలుసు. ఇంటికొస్తూ దారిలో నాతో ఆ ఊసే ఎత్తలేదు, నేనూ అడగలేదు. ఆయన ఉత్తరం రాసే మనిషి కాదు. నువ్వొస్తే వాటేసుకునే మనిషీ కాదు. కానీ పాస్టర్‌గారి ఎదుట, ఊరందరిలో నీకోసం అబద్ధమాడారు. ఇంతకంటే ఏం రాస్తారు నీకు?

పండగ ముందురోజు, బుధవారం చీకటి పడకముందే చేరుకోండి. నెమ్మదిగా నడుపు.

ఇట్లు,
నువ్వు వాకిట్లో దిగేదాకా కిటికీ దగ్గరే ఉండే
మీ అమ్మ