పగిలిన వాననీటి కుండీ

రాయపూర్,
19-8-1953.

పూజ్యులైన అన్నయ్య నూకరాజుగారికి చెల్లెలు దాలమ్మ నమస్కరించి రాయునది. మేమిక్కడ ప్రాణాలతో ఉన్నాము. పార్వతీపురంలో నువ్వు, వదిన, పిల్లలు చల్లగా ఉండాలి.

అన్నయ్యా, వేసవిలో నీ తాపీపనులు మానుకుని వచ్చి మా కొత్తింటి పెరట్లో కట్టిన కుండీ పోయిన గురువారం పగిలిపోయింది. డాబా మీద పడ్డ వానంతా గొట్టం గుండా దిగి, నిండుగా చేరింది. ఏడాదంతా తాగడానికి దిగుల్లేదనుకున్నాను. ఒక పక్క గోడ విచ్చుకుని నీళ్లన్నీ వీధిలోకి పోయాయి.

మా బావికి నలభై అడుగుల్లోనే బండ తగిలింది, నీకు తెలుసు. రైల్వే క్వార్టరు ఖాళీ చేశాం కనుక అక్కడి కుళాయీ మాది కాదు. మొన్న బిందె పట్టుకెళ్తే చౌకీదారు, "యే నల్ క్వార్టర్‌వాలోంకా హై, జావ్" అని, కుళాయి క్వార్టర్ల వాళ్లదేనంటూ నలుగురిలో తరిమేశాడు. పాత పొరుగింటి వరహాలమ్మ చాటుగా ఒక బిందె నింపి, "మరి రాకే తల్లీ, మా ఆయన ఉద్యోగానికి ఎసరొస్తాది" అంది. వారంగా చినుకు లేదు. ఆ బిందెతోనే ముగ్గురం గడుపుతున్నాం.

మీ బావ లోకోషెడ్డు నుంచి వచ్చి చూసి, "మీ అన్న మేస్త్రీ కాడు, మట్టి పిసుక్కునేవోడు. పై ఆదివారం దీన్ని పూడ్చేత్తాను" అన్నారు.

ఇంకో నెల వానలుంటాయి. ఈలోగా గోడ నిలబడకపోతే వచ్చే వేసవికి మేమీ ఇంట్లో ఉండలేం. విజయనగరం నుంచి ఇటొచ్చే పాసింజరెక్కి ఆదివారంలోగా రా. ఆయన మాటలంటే నా కోసం పడు.

నీ చెల్లెలు,
దాలమ్మ.

తా.క.: కవరు అంటించబోయి ఆగాను. గోడ దానంతటది పగల్లేదన్నయ్యా. నేనే గునపంతో పగలగొట్టాను.

గురువారం నీళ్లు తోడుతుంటే అన్నం మాడిన వాసనొచ్చింది. కుండీ మూత వెయ్యకుండానే ఇంట్లోకి పరిగెత్తాను. వచ్చేసరికి నీ మేనకోడలు గంగాభవాని కుండీలో ఉంది. చేద తాడు పట్టుకుని వేలాడుతోంది. లాగితే రెండుసార్లు పిల్ల చెయ్యి జారింది. కుండీ మూతి ఇరుకు, అందులోంచి నేను దిగలేను. కేకేస్తే పలికే ఇల్లు దగ్గర్లో లేదు. "తాడొదలకే అమ్మా" అని అరుస్తూ గోడని పొడిచాను. నువ్వు కట్టిన గోడ ఎంతకీ లొంగలేదు. చివరికి ఇటుక కదిలింది, నీళ్లు దిగాయి, పిల్ల దక్కింది.

నిజం తెలిస్తే ఆయన ఆ రోజే కుండీ పూడ్చేస్తారని భయపడి, తప్పు నీ పని మీదికి తోశాను. పిల్లతో కూడా నాన్నకి చెప్పొద్దన్నాను. ఐదేళ్ల పిల్ల వాళ్ల నాన్న ఎదుట నోటికి చెయ్యి అడ్డుపెట్టుకుని కూర్చుంటోంది. అది చూడలేకపోతున్నాను.

నువ్వు గుమ్మంలో నిలబడ్డాక ఆయనకి నేనే చెప్తాను. ఒక్కదాన్నే చెప్పలేను. రా.